కీ.శే. నిలిచిన చోటు

అన్నా,

నువ్వు పోయి ఏడాది కావస్తోంది. కామారెడ్డిలో మన షాపులో శుభలేఖలు ఇంకా నువ్వు రాసిన ఎడిటర్ ప్రోగ్రాములోనే టైపు చేస్తున్నాను. కానీ కార్డులో పేర్లుండే ఒక పెట్టె లోపల ఇంకో పెట్టె పెడితే కర్సర్ నా మాట వినడం లేదు. లోపలి పెట్టెలో చనిపోయిన తాత పేరు ముందు "కీ.శే." కొడితే, అది బయటి పెట్టెలో బతికున్న మనిషి పేరు ముందు పడుతోంది. మొన్న పిట్లం నుంచి వచ్చిన పెండ్లికొడుకు తండ్రి ప్రూఫ్ చూసి, "బతికుండంగనే సంపుతవారా నన్ను?" అని మీదికొచ్చాడు.

నీ కోడ్ తెరిస్తే ఏడుపొచ్చింది. అంత పెద్ద ప్రోగ్రాములో ఒక్క లైను వివరణైనా లేదు. ఎవరడుగుతారులే అనుకున్నావా? నేనిప్పుడు ఎవర్ని అడగాలి?

చివరికి తప్పు దొరికింది. ఎన్నో అక్షరం దగ్గర ఉన్నామో గుర్తుంచుకుంటోంది గానీ, ఏ పెట్టెలో ఉన్నామో మరిచిపోతోంది. దిగిన ప్రతి పెట్టెనూ గుర్తుంచుకునేలా మార్చాను.

సరిచూద్దామని చెల్లె పెండ్లి కార్డు తెరిచాను. ఎల్లారెడ్డి నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "పిలిచేటోళ్లల్ల పెద్దోని పేరు ఉండాలె బిడ్డా." లోపలి పెట్టెలో నీ పేరు రాశాను. దాని ముందు కర్సర్ పెట్టి "కీ.శే." కొట్టాను. కొడుతూనే, ఎటైనా దూకవే అని దాన్ని బతిమాలాను అన్నా. బయటి పెట్టెలో ఉన్న నా పేరు ముందు పడినా సరే అనుకున్నాను.

అది నీ పేరు ముందే నిలబడింది.