చక్కెర దుంప పూతకొచ్చింది

బాపుకు, అవ్వకు మీ మమత దండాలు.

ఈ కొండ మీది పరిశోధన కేంద్రంల మంచిగనే ఉన్న. అవ్వా, ఫికర్ చెయ్యకు, చక్కెర దుంపకొచ్చే వైరస్ మనుషులకు అంటదు.

ఏ చెట్టు తట్టుకుంటదో చూద్దామని నిరుడు రోగమున్న మట్టిల కావాల్ననే దుంప గింజలు ఏసినం. అన్ని చెట్లు పసుపుబారినయి, వేర్లు గడ్డం లెక్క గుబురుగ పెరిగినయి. ఒక్క చెట్టే పచ్చగ నిలిచింది. మా మేడం చేతులతోనే తవ్వి, "మమతా, ఇటు రా! ఈ వేరుకు రోగమే లేదు" అని కేకేసింది. ఆ దుంపను చలికాలమంత కాపాడిన. ఇప్పుడది పూతకొచ్చింది. బాగ తీపుండే ఇంకో రకం పుప్పొడి దానికి నేనే అద్దాలె. ఈ నెల దాటితే మల్ల ఏడాది ఆగాలె.

అందుకే బాపు రిటైర్మెంటుకు రాలేను. ఫోన్ల చెప్పబోయి పెట్టేసిన, కార్డు రాస్తున్న.

అవ్వ మోకాలు నొప్పి తగ్గిందా? దవాఖానకు తీస్కపోండ్రి. సదానందం అన్నను నా ఉన్ని స్వెటర్ పంపమనుండ్రి.

బాపూ, "నా బిడ్డ ఏస్తెనే దండ ఏసుకుంట" అన్నవట. ఆఖరు షిఫ్టు చేసి బొగ్గుబాయిల నుంచి పైకొచ్చినంక ఆ దండ అవ్వతోని ఏపిచ్చుకో. ఇన్నేండ్లు నువ్వు పైకొచ్చినవన్న కబురు అందేదాక బువ్వ ముట్టంది ఆమెనే.

మీ బిడ్డ
మమత