మరక లేని బొంత

3 మార్చి, సోమవారం

మరిది, చెల్లి భర్త, లాండ్రీకి వచ్చాడు. మామూలు కస్టమర్‌లా లైన్లో నిలబడ్డాడు. రఫూ బల్ల దగ్గర నుంచి చూసి కూడా తల దించుకుని, ఎవరిదో కోటు మోచేతి చిల్లు కుట్టుకుంటూ కూర్చున్నాను. తన వంతు వచ్చాక కౌంటర్ మీద రెండు సంచులు పెట్టి, వదిన ఉందా అని అడిగాడు. లేచి వెళ్లాను.

చెల్లి పోయి ఎనిమిది నెలలు. అంతకు ముందు ఆరేళ్లు మా మధ్య మాటల్లేవు. సంచుల్లో ఉన్నవి దాని బట్టలు. వాళ్ల పాపకి ఏడేళ్లు, సరిగ్గా నిద్రపోవడం లేదట. అమ్మ బట్టలతో బొంత కుట్టిస్తే పడుకుంటుందేమోనని ఎవరో చెప్పారట. ముప్పయ్యో తారీఖున ఊరు మారుతున్నారు, ట్రాన్స్‌ఫర్. ఆలోపు కుదురుతుందా వదినా అన్నాడు.

కుదురుతుంది అన్నాను. అలవాటు కొద్దీ టోకెన్ చింపబోయి ఆగాను.

5 మార్చి

పద్నాలుగు బట్టలు. చొక్కాలు, గౌన్లు, రెండు నైటీలు. ఇరవై రెండేళ్లుగా జనం మరకలు తీస్తున్నదాన్ని, బట్ట చూస్తే మనిషి తెలిసిపోతుంది. పొట్ట దగ్గర నూనె చుక్కలు. పొయ్యికి ఆనుకుని నిలబడే అలవాటు పోలేదన్నమాట. జేబుల కింద ఇంకు. పాత చొక్కాల ఎడమ భుజాల మీద పాలు కక్కిన మరకలు. పాపని ఎప్పుడూ ఎడమ వైపే ఎత్తుకునేది. ఇవన్నీ నాకెవరూ చెప్పలేదు. చెప్పేంత దగ్గరగా నేనెప్పుడున్నాను?

పసుపు చొక్కా వీపు మీద మాత్రం వంకరటింకర నీలం గీతలు. అవేమిటో అర్థం కాలేదు.

8 మార్చి

నూనెకి సుద్దపొడి, ఇంకుకి స్పిరిట్, పాల మరకకి చన్నీళ్లు. నీలం గీతలు మహా మొండివి, మూడుసార్లు రుద్దాల్సి వచ్చింది. అన్నీ పోయాయి. ఒక్క మరక మిగల్చలేదు. దానికి ఇంతకంటే నేనేం చేయగలను అనిపించి, కళ్లనీళ్లు తుడుచుకుని, వంట చేయకుండానే తినగలిగిందేదో తిని పడుకున్నాను.

11 మార్చి

ఎవరూ ఫోన్ చేయలేదు. నేనూ ఎవరికీ చేయలేదు.

16 మార్చి, ఆదివారం

మరిది పాపని తీసుకొచ్చాడు. నాకున్నవి రెండు కుర్చీలు. వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి నేను మంచం మీద కూర్చున్నాను. ఈ ఇంట్లో ఇంతమంది ఉండి ఎన్నాళ్లయిందో.

కత్తిరించిన ముక్కలన్నీ పరిచి చూపించాను. కొంచెం గర్వంగానే చూపించాను. పాప ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పసుపు ముక్కని తిప్పి తిప్పి చూసింది. చేప ఏదీ అని అడిగింది. నాకు అర్థం కాలేదు. అమ్మ బోర్లా పడుకుంటే వీపు మీద పెన్నుతో తను గీసిన చేపట. అమ్మ కితకితలకి నవ్విందట, అందుకే తోక వంకరపోయిందట.

పోయింది, నేనే తీసేశాను అన్నాను.

అది ఏడవలేదు. ఇవి అమ్మవి కావు ఆంటీ, షాపువి అంది.

మరిది కసిరాడు. వద్దన్నాను. తప్పు నాది. కాస్త ఆగి దాన్నే అడిగి ఉంటే చెప్పేది. అడగడం మా ఇంటావంటా లేదు.

18 మార్చి

నీలం పెన్ను కొన్నాను. పసుపు ముక్క ముందు పెట్టుకుని గంట కూర్చున్నాను. అది ఏ చేపో, ఎటు చూస్తుండేదో నాకేం తెలుసు? మరక తీయడం వచ్చు, పెట్టడం రాదు. పెన్ను లాండ్రీలో కౌంటర్ ఆవిడకి ఇచ్చేశాను.

20 మార్చి

చేసిన తప్పు చాలదన్నట్టు ఇంకొకటి. ముక్కలన్నీ కలిపాక వెనక నుంచి అతుకుల మిగులు కత్తిరిస్తున్నాను. కత్తెర కింద మడత చూసుకోలేదు. తిప్పి చూస్తే పసుపు ముక్క నట్టనడుమ బొటనవేలంత చిల్లు. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు నేను చెప్పేదే ఇది, కింద వేలు పెట్టుకుని కత్తిరించమని. నాకు నేను చెప్పుకోలేదు.

21 మార్చి

బొంత లాండ్రీకి తీసుకెళ్లి భోజనం టైములో రఫూకి కూర్చున్నాను. పోగుకి పోగు కలిపితే చిల్లున్న సంగతి చూపుకి కూడా అందదు. మా లాండ్రీలో ఇస్త్రీ చేసే మామయ్య పెట్టె పక్కన పెట్టి వచ్చి చూశాడు. సంగతంతా విన్నాడు. ఒకసారి ఆనవాలు చెరిపేసి మాట పడ్డావు కదా, మళ్లీ అదే పనా అన్నాడు. కనపడకుండా కుట్టీ కుట్టీ నువ్వే ఎవరికీ కనపడకుండా పోయావమ్మాయ్ అని కూడా అన్నాడు.

కోపం వచ్చింది. సాయంత్రం, అప్పటిదాకా వేసిన పోగులన్నీ లాగేశాను. మరిదికి ఫోన్ చేసి, ఆదివారం పాపని పంపమన్నాను.

23 మార్చి, ఆదివారం

చిల్లు చూపించాను. నేనే కోశాను, పొరపాటున, అని చెప్పాను. పాప అందులోంచి వేలు దూర్చి చూసింది. నవ్వలేదు కానీ నవ్వే మొహమే. దేనితో మూస్తావు అని అడిగింది. నువ్వే చెప్పు అన్నాను. బీరువా తీయించి, నా బట్టలన్నీ చూసి, గళ్ల చొక్కా పట్టుకొచ్చింది. మంచి చొక్కా. కోసేశాను.

మాసిక పాపే కుట్టింది. ఒక కుట్టు గింజంత, ఒక కుట్టు మూరెడు. సూది గుచ్చుకుని గళ్ల గుడ్డ మీద రక్తపు చుక్క పడింది. ఎవరి రక్తానికి వాళ్ల ఉమ్మే మందు, వెంటనే అద్దితే పోతుంది అని చెప్పాను. తీసేద్దామా, ఉంచుదామా అని ఈసారి అడిగాను. చాలాసేపు ఆలోచించి సగం తీద్దాం అంది.

కుడుతూ కుడుతూ, అమ్మతో ఎందుకు మాట్లాడలేదు అంది. చెప్పేశాను. మా అమ్మ పోయిన రోజు మీ అమ్మ ఆలస్యంగా వచ్చింది, చుట్టంలా చూసిపోదామని వచ్చావా అని నలుగురిలో అడిగాను. అప్పుడు దాని చంకలో ఏడాది పిల్లవి నువ్వు, నీకు జ్వరం, అందుకే ఆలస్యం. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. సారీ చెప్పావా అని అడిగింది. లేదు. ఎందుకు అంది. మీ అమ్మే ముందు ఫోన్ చేస్తుందని చూశాను. ఆరేళ్లు చూశాను.

పాప ఇంకో రెండు కుట్లు వేసింది. దారం అయిపోయింది పెద్దమ్మా అంది. ఆ పిలుపు విననట్టే దారం ఎక్కించి ఇచ్చాను.

30 మార్చి

వెళ్లిపోయారు. వ్యాన్ ముందు సీట్లో బొంత చుట్టుకుని కూర్చుంది. చెయ్యి ఊపలేదు. రెండు చేతులూ బొంత లోపలే ఉన్నాయి.

ఇంటికొచ్చి రెండో కుర్చీ గోడకి జరిపాను.

6 ఏప్రిల్

ఫోన్ లేదు. నేనే చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఇదివరకైతే ఇంకో ఆరేళ్లు చూసేదాన్ని. మళ్లీ చేశాను. మరిది ఎత్తాడు. పాప పడుకుందట.

రాత్రుళ్లే నిద్రపోని పిల్ల, పగలు మూడింటికి. పడుకుందట.

13 ఏప్రిల్, ఆదివారం

మరిది ఫోన్. పాప బొంత మీద టీ ఒలకబోసుకుందట. ఉతకనివ్వడం లేదట, పెద్దమ్మే వచ్చి తీయాలంటోందట. మరక ఎంత ఉంది అని అడిగాను. పాప ఫోన్ లాక్కుంది. చాలా పెద్దది, నాలుగు రోజులు పడుతుంది అంది.

టీ మరక పది నిమిషాల పని. నాలుగు రోజులు సెలవు పెట్టాను.