వామనుడు కొట్టిన ఏడాది

షాంటిలీ,
2009 సెప్టెంబర్ 14.

చిరంజీవి దివాకర్‌కి అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాసి, 'మేమంతా' కొట్టేశాను. అలవాటైన చెయ్యి కదా, ఊరుకోదు. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. నేను క్షేమం. అంత దూరాన కాపెల్‌లో నువ్వూ కుదురుగా ఉన్నావనీ, వారం వారం మీటింగ్‌కి వెళ్తున్నావనీ నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. నీ దస్తూరీ చూసి పాతికేళ్ళయింది. ఇప్పటికీ అక్షరాలు కుడివైపుకి ఎగబాకుతూనే ఉన్నాయి.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. అన్నం, పప్పు నేనే వండుకుంటున్నాను. మీ వదిన ఉండగా నేను చేసిన వంట కాఫీ ఒక్కటే, అదీ ఆవిడ సింక్‌లో పారబోసి మళ్ళీ పెట్టుకునేది. శనివారాలు శేషగిరిగారి ఇంటినుంచి కూర వస్తుంది. ఆయనా కూర్చుని గంటసేపు తన మోకాళ్ళ గురించి చెప్పి వెళ్తాడు. మీ ఉజ్వల ఆదివారాలు ఫోన్ చేస్తుంది. "పెద్నాన్నా, నువ్వు ఫుడ్ తిన్నావా? ట్రూత్ చెప్పు" అంటుంది. తిన్నాను అంటే నమ్మదు, ఏం తిన్నానో చెప్పాలి. కమ్యూనిటీ కాలేజీలో చేరింది. నీమీద కోపంగా ఉందా అని అడిగావు. నీ పేరు ఎత్తదు. కానీ మీ నాన్న దగ్గర్నించి ఉత్తరం వచ్చిందని చెబితే, "హ్యాండ్‌రైటింగ్‌లోనా?" అని రెండుసార్లు అడిగింది.

బేస్‌బాల్ చూస్తున్నావా అని అడిగావు. లేదు. కేబుల్ తీసేయించాను.

నువ్వు చివర అడిగిన ప్రశ్న ఒకటి ఉంది. దానికి జవాబు చివర్లోనే రాస్తాను. ముందుగా రాసేస్తే మిగతాది రాసే ధైర్యం ఉండదు.

ఎవరికి నష్టం చేశామో వాళ్ళకి ఉత్తరాలు రాయమని జూదం మానేవాళ్ళ మీ గ్రూప్‌లో చెప్పారనీ, మొదటి ఉత్తరం నాకే రాస్తున్నాననీ అన్నావు. "అన్నయ్యా, నీ పరువు తీశాను, క్షమించు" అన్నావు. ఆ వాక్యం దగ్గర కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టేశాను. ఎంత చదువుకున్నా నీకు తెలివి రాలేదురా. క్షమించమని ఎవరు ఎవర్ని అడగాలి?

నీకు తెలిసిన కథే. అయినా నా చేత్తో నేను రాయాలి. రెండేళ్ళ కిందటి వేసవిలో, ఆ పొట్టి బేస్‌బాల్ ఆటగాడికి వామనుడని పేరు పెట్టింది నేనే. ముప్పై నాలుగేళ్ళవాడు, పన్నెండేళ్ళుగా వెయ్యికి రెండు వందల అరవై హిట్ల సగటు దాటనివాడు, జూన్‌కల్లా మూడు వందల తొంభై దగ్గర నిలబడ్డాడు. టీవీలో అందరూ అద్భుతం అంటున్నారు. 1941 తర్వాత ఎవరూ అందుకోని నాలుగు వందలు వీడు అందుకుంటాడని ఒకటే హడావిడి. మీ వదిన పక్కన చిక్కుడుకాయలు తుంచుతూ, "పదింట్లో ఆరుసార్లు అవుటయ్యేవాణ్ణి పట్టుకుని ఇంత గోలేమిట్రా దివాకర్?" అంది. నువ్వు పడీ పడీ నవ్వావు. ఆ నవ్వు నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంది.

నేను నవ్వలేదు. పసుపుపచ్చ కాగితాల పుస్తకం తీసి లెక్క మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళు గవర్నమెంట్‌లో అంకెలతో కాపురం చేసి రిటైరైనవాణ్ణి, చేతులు ఊరుకుంటాయా? ఒక్క ఏడాది ఎగిరినవాడు మళ్ళీ తన మామూలు చోటికి దిగాల్సిందే అన్నాను. సెప్టెంబర్ ఆఖరుకి మూడు వందల నలభై దాటడని తేల్చాను. మూడు వందల యాభై పైన ముగిస్తాడా, కింద ముగిస్తాడా అని ఆ వెబ్‌సైట్‌లో పందెం నడుస్తోంది. కింద అని నువ్వు సరదాకి కాస్త వేశావు. అంతవరకూ అది నీ తప్పే.

కానీ ఆగస్టులో నువ్వు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇంక ఆపేస్తాను. వీడు దిగేలా లేడు, నాకు భయంగా ఉంది" అన్నావు. నేనేమన్నానో గుర్తుందా? "ఇప్పుడా ఆపేది? పడటం ఇప్పుడే మొదలవుతుందిరా. డబుల్ చెయ్యి" అన్నాను. నా వంతు డబ్బు కూడా నీ పేరుమీదే వేయించాను, మీ వదినకి తెలియకూడదని. నామీద నమ్మకంతో నువ్వు ఉజ్వల కాలేజీకి దాచినదంతా తీసి పెట్టావు. నేను ఆలోచించింది ఆ పిల్ల చదువు గురించి కాదు. నా లెక్క నెగ్గాలని, అంతే. వామనుడు మూడు వందల అరవై ఒకటితో ముగించాడు. మరుసటి ఏడాది రెండు వందల యాభై ఒకటికి పడ్డాడు. పేపర్లో అది చూసి, సిగ్గులేకుండా, నేను చెప్పింది తప్పు కాదు కదా అనుకున్నాను.

ఓడిన వెంటనే నువ్వు ఆ నష్టం రాబట్టాలని ఫుట్‌బాల్ మీదా వేయడం మొదలుపెట్టావు. ఆ ఏడాది అక్టోబర్ చివర్లోనే అనురాధ ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. వెనకే నువ్వు వచ్చావు. మా వంటింట్లో ఆ ఇద్దరు ఆడవాళ్ళ ముందు నేనేం చేశాను? "నీకు బుద్ధుందా? పెళ్ళాం బిడ్డల నోట మట్టి కొడతావా? ఈ వంశంలో ఇలాంటివాడు పుట్టలేదు" అని అరిచాను. నువ్వు ఒక్కసారి నావైపు చూసి తల దించుకున్నావు. నా పేరు చెప్పలేదు. చెప్తావేమోనని చూశాను, చెప్పకపోయేసరికి ఇంకాస్త గట్టిగా అరిచాను. మీ వదిన నిన్ను తన గడప తొక్కొద్దంది. ఏడేళ్ళ వయసు నుంచి గోరుముద్దలు పెట్టి పెంచినవాణ్ణి ఆ మాట అని, లోపలికి వెళ్ళి మంచమ్మీద కూర్చుండిపోయింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

నిన్న అనురాధకి ఫోన్ చేసి ఇంతవరకూ చెప్పాను. అంతా విని, "బావగారూ, ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు మా ఇంటికొచ్చి కాఫీ తాగుంటారు?" అంది. నేను లెక్కపెట్టుకునేలోగా ఆమే ఫోన్ పెట్టేసింది. నీమీద కోపం దీనితో పోతుందని నేను చెప్పను. కానీ ఇకమీద నీ వంతు మేరకే కోపగించుకుంటుంది.

అనురాధకి కూడా చెప్పనిది ఒకటుంది.

"వదిన చివర్లో నా గురించి ఏమైనా అందా?" అని అడిగావు. మేలో గుండె ఆపరేషన్ తర్వాత జ్వరం పట్టుకుని, మీ వదిన ఇంక లేవదని డాక్టర్లు చెప్పిన రోజు నువ్వు ఫ్లైట్ ఎక్కి వచ్చావు. హాస్పిటల్‌కి రెండు మైళ్ళ దూరంలో మోటెల్‌లో దిగి నాకు ఫోన్ చేశావు. "వదిన నిన్ను చూడనంటోంది. వస్తే ఆయాసం ఎక్కువవుతుంది, రాకు" అన్నాను. నాలుగు రోజులు ఆ గదిలోనే కూర్చున్నావు.

అది అబద్ధం, దివాకర్. ఆవిడ మొదటి రోజే, "ఏవండీ, దివాకర్‌ని పిలవండి, కోప్పడను" అంది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడంలేదని చెప్పాను. ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగితే నువ్వు అబద్ధం ఆడలేవు. నా సంగతి బయటపడుతుందని భయపడ్డాను. చనిపోతున్న భార్య ముందు మంచివాడిగా మిగలాలనిపించింది. ఇంతకన్నా కారణం ఏమీ లేదు, ఎంత వెతికినా దొరకలేదు.

ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలోనే, పర్లేదు అన్నయ్యా అనేస్తావు. అనకు. వెంటనే జవాబు రాయకు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, మళ్ళీ నా ముఖం చూడకూడదనుకుంటే చూడకు. నీ వదిన నిన్ను కాదనుకుని పోయిందన్న బాధ మాత్రం ఈ ఉత్తరం చదివిన క్షణం నుంచి నీకు ఉండకూడదు. దానికోసమే రాశాను.

గురువారం మధ్యాహ్నం ఆవిడ మళ్ళీ, "వచ్చాడా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచక, దారిలో ఉన్నాడన్నాను. నర్సుని దువ్వెన అడిగింది. "ఇలా చూస్తే వాడు భయపడతాడు" అని, రెండు చేతులూ వణుకుతుంటే తనే తల దువ్వుకుని, తలగడ తలుపువైపు తిప్పించుకుంది. చీకటి పడేదాకా అటే చూస్తూ ఉంది. శుక్రవారం పొద్దున పోయింది.

ఇట్లు,
ఈ ఉత్తరం తర్వాత కూడా నువ్వు అలా పిలవగలిగితే, నీ అన్నయ్య
పద్మనాభం