బీగం వేయని సాఫ్ట్‌వేర్

హిందూపురం,
జూన్ 14, 2025.

మిత్రుడు లక్ష్మీనారాయణకు,

ఉలిగప్ప నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. ధర్మవరంలో నువ్వూ, నీ పట్టుచీరల కొట్టూ, మగ్గాలూ బాగున్నారనే తలుస్తాను. కల్పన విషయంలో ఫోన్లో తిట్టుకున్నాక మళ్లీ పలకరించేది నేనే అవుతానని నీకు తెలుసు. కోపం తగ్గి మాత్రం రాయడం లేదు. తెలుసుకున్న సంగతులు కడుపులో ఆగక రాస్తున్నాను.

ముందు నీ వాదన నేను సరిగ్గా విన్నానో లేదో చూడు. నీ కొట్లో చీర అంచుల డిజైన్లు గీసే ప్రోగ్రాం ఒకటుంది. పొద్దున తెరవగానే "ఇది మీకు పనికొస్తుంటే వెల చెల్లించండి" అని తెర మీద ఒక బాక్సు వస్తుంది. కింద రెండు బటన్లు: ‘చెల్లిస్తాను’, ‘తర్వాత’. ఏది నొక్కినా పని ఆగదు. ఏళ్ల తరబడి నీ కొట్టు ‘తర్వాత’నే నొక్కింది. ఉన్నట్టుండి ఆ బాక్సు రావడం మానేసింది. చూస్తే కొట్టు ఫోన్లోంచి పెనుకొండలో ఎవరికో డబ్బు వెళ్లింది. చెల్లిద్దామని నీతో అంతకుముందు వాదించింది డిజైన్లు గీసే కల్పన. కాబట్టి దొంగ కల్పనే అని తేల్చి, పనిలోంచి తీసేశావు.

ఎవరూ మెడ మీద కూర్చోకుండా ఒక మనిషి ఎందుకు చెల్లించినట్టు? అసలు చేసినవాళ్లు, డబ్బు కట్టకపోతే ఆగిపోయేలా దానికి బీగం ఎందుకు వేయలేదు? నాకు ఈ రెండూ తెలియకపోతే నిద్ర పట్టేలా లేదు. బస్సెక్కాను.

మొదట బత్తలపల్లిలో కల్పన ఇంటికి వెళ్లాను. ఆ పిల్ల ఏడుస్తుందనుకుంటే, నా మీదే లేచింది. "ఆ యప్ప నా సెల్లు గుంజుకోని చూసినాడన్నా. అడిగింటే నేనే ఇచ్చింటి గదా! నేనే కట్టింటే ఎదురుగా చెప్పే కడుతుంటి. నాకేం భయమా?" అంది. ధర్మవరంలో ఇంకే కొట్టువాడూ పనిలోకి తీసుకోవడం లేదట. దుడ్ల దగ్గర మాట పడిన పిల్ల అని నువ్వే చెప్పావట గదా అందరికీ.

అక్కణ్ణించి పెనుకొండ. డబ్బు అక్కడికి వెళ్లేదాకా ఆ ప్రోగ్రాం ఏ అమెరికావాడో చేశాడని నువ్వు అనుకున్నావు. చేసింది హేమలత అనే ఆవిడ. బాక్సు అడుగున ఇంటి అడ్రసుతో సహా ఉందని కల్పనే చెప్పింది. కొట్లో కూర్చుని ఒక్కసారైనా కిందిదాకా చదవలేదు నువ్వు! వాళ్ల నాయన గ్రాఫు కాగితాల మీద గళ్లు నింపి డిజైన్లు గీసేవాడట. ఆయన కళ్లు పోతుంటే ఆయన కోసమే మొదలుపెట్టిందట.

బీగం సంగతి అడిగితే నవ్వింది. "పెండ్లిళ్ల కాలంలో నడమ బీగం పడితే మగ్గం నిలబడిపోతాదన్నా. నేసేటోళ్ల కడుపు మాడ్చి తీసుకునే దుడ్లు నాకేల? నేర్చుకునే పిల్లోళ్లు ఊరికే వాడుకోనీ. వ్యాపారం చేసేటోళ్లకు తెలీదా ఏం?" అంది. చెల్లించింది ఎవరని అడిగాను. పేరు చెప్పనంది. డబ్బుతో పాటు ఒక మాట వచ్చిందని మాత్రం చెప్పింది: ‘చానా ఆలస్యమాయ, ఏమనుకోవద్దు.’

ఇక్కడ ఆగి ఆలోచించు. కల్పన నీ దగ్గర చేరి ఏడాది కూడా కాలేదు. ఆలస్యమైందని ఆ పిల్ల ఎందుకు సిగ్గుపడుతుంది?

"ఎవురూ ఇయ్యరప్పా, అడిగేటోడు లేనప్పుడు ఇచ్చేది ఎర్రితనం. చదువు అందరిదీ అని కాలేజీలో అరిచింది నువ్వే గదా" అని ఫోన్లో ఎగతాళి చేశావు. అవును, అరిచాను, ఇప్పటికీ అరుస్తాను. చదువు అందరిదీ. ఇంకొకరి కష్టం మాత్రం నీది కాదు. బీగాలు వేసి పీడించే కంపెనీల మీద నేను నడిపే పత్రికలో ఎన్నోసార్లు విరుచుకుపడ్డాను. బీగం వేయకుండా మనల్ని నమ్మిన మనిషికి కూడా ఎగ్గొడితే, ఆ కంపెనీలు చేసిందే సరైనదని మనమే ఒప్పుకున్నట్టు కాదా?

నువ్వు చెన్నై కొట్లకు చీరలు పంపేది ఏ పద్ధతిలో? అమ్ముడైతే డబ్బు, లేకపోతే చీర వాపసు. చీర అమ్ముకున్నవాడు "అడిగావా, తర్వాత చూద్దాంలే" అంటే ఊరుకుంటావా? ధర్మవరం వ్యాపారమంతా ఆ నమ్మకం మీద నడుస్తూంటే, అదే నమ్మకంతో ఒక ఆడమనిషి తన పని నీ చేతికిస్తే, నీకది ఎర్రితనంగా కనబడింది!

కల్పనను వెనక్కి పిలువు. ఎవరెవరి దగ్గర ఆమె మీద మాట వేశావో వాళ్లందరి దగ్గరా ఆ మాట వెనక్కి తీసుకో. మన స్నేహం సంగతి ఆ తర్వాత.

ఇంకా కోపంలోనే ఉన్న,
ఉలిగప్ప

తా.క. డబ్బు చెల్లించింది నీ భార్య నీలావతి. రోజూ కొట్టు తెరిచి, కంప్యూటర్‌కు ఊదొత్తి చూపించి ఆన్ చేసేది ఆమె అని మరిచిపోయావు. ‘తర్వాత’ అని ఇన్నాళ్లూ నొక్కింది ఆమె చెయ్యే. "మనిషిని వాకిట్లో నిలబెట్టి దినామూ రేపు రాపో అన్నట్ల ఉండాదన్నా, సిగ్గయి కట్టేస్తి" అంది. కట్టిన వెంటనే పరిగిలో పుట్టింటికి వెళ్లి, కొట్లో కల్పన లేదేమని అక్కణ్ణించి ఫోన్లో అడిగితే, లీవు పెట్టిందిలే అన్నావట. ఆ ‘ఆలస్యం’ మాట పట్టుకుని నిన్న నేను పరిగి వెళ్తే, నిజం నా నోట విని, నాతో పాటు ఇక్కడికి వచ్చి కూర్చుంది. ఇది పైనే రాసుంటే ఇంటి గొడవగా ముగించి, కల్పనను వదిలేసేవాడివి. అందుకే కింద రాశాను. ఈ ఉత్తరం నీ చేతికిచ్చింది ఎవరో తలెత్తి చూడు. ఆమె వెంటబెట్టుకొచ్చిన కల్పన వెనకే నిలబడి ఉంటుంది. ముందు ఆ పిల్లను కూర్చోమను.