టెంప్‌లో పెట్టిన ఆరేళ్లు

చెల్లెమ్మను అన్నయ్య దీవించి రాయునది. ఇక్కడ నేను, నా షుగరు, మీ వదిన నోరు, ముగ్గురమూ క్షేమం. మీరు క్షేమమా అని అడగడానికి నాకు మొహం లేదు. ఎందుకో కింద రాస్తాను.

పోయిన ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. వదిన మోకాలు తగ్గింది. మళ్లీ నా వెంటపడి తిట్టగలుగుతోంది. రెండోది బావ గురించి, "పన్నెండేళ్లు కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి, ఆరేళ్ల ప్లాన్లు తన చేత్తో ఎలా తుడిచేశారు? అడిగితే గోడకేసి చూస్తారు" అని.

నేనూ బావా ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు మెషీన్‌లో సరుకంతా ఒకే చెట్టు. అన్నిటికీ పైన ఒక్క ఏటవాలు గీత, దాన్నే రూట్ అంటారు. దాని కింద డైరెక్టరీలు, అంటే సరుకు పెట్టుకునే అరలు. హోమ్‌లో మనిషికో గది. ఈటీసీలో మెషీన్ సెట్టింగులు. టెంప్‌లో పూటకు మించి అక్కర్లేని సరుకు. పదో తరగతి తప్పిన నాకు ఇదంతా బావే నేర్పాడు. "టెంప్ అంటే బస్టాండు బెంచీ బావా. మన మెషీన్ ఆపి మళ్లీ వేస్తే దాన్ని ఊడ్చేస్తుంది. అక్కడ కాపురం పెట్టకు" అనేవాడు.

లేచి వెళ్లేటప్పుడు బావ తెరకు తాళం వేయడు. అతని టీలో ఉప్పు వేసినవాణ్ణి, ఇది వదులుతానా? ఆ రోజు అతను భోజనానికి లేవగానే, అతని కుర్చీలోనే కూర్చుని ప్లాన్ల డైరెక్టరీని ఎత్తి టెంప్‌లో పడేశాను. కాసేపు చెమటలు పట్టించి తిరిగి పెట్టేద్దామనుకున్నాను. నేను చెయ్యి కడుక్కొచ్చేలోగా, మెషీన్ నెమ్మదించిందని యజమాని ఆపి మళ్లీ వేశాడు. నకళ్లు దాచే డిస్కు చెడి ఏడాదైంది. కొత్తది అడిగిన ప్రతిసారీ ఆయనకు దగ్గొచ్చేది.

కొట్టిన ఆదేశాలన్నీ రాసుకునే ఫైలు ఎవరి గదిలో వాళ్లకుంటుంది. యజమాని బావది తెరిచాడు. పేరు అతనిది, వేళ్లు నావి. బావ నా వైపు ఒక్కసారి చూశాడు. చూసి, "పొరపాటైంది సార్" అన్నాడు. ఆ మాట మీద అతని ఉద్యోగం పోయింది. నేను నా కుర్చీకి పోయి పని చేసుకున్నాను.

మొన్న వెళ్లి నిజం చెప్పాను. యజమాని కడుపుబ్బ నవ్వి, "నీ వేళాకోళాలకు వేళాపాళా లేదయ్యా" అన్నాడు. నా బతుకు మీద నేనే ఉమ్మేసుకున్నట్టయింది.

నువ్వూ నమ్మకపోవచ్చు. ఈ ఉత్తరం అతనికి చదివి వినిపించు. నవ్వితే, నేను అబద్ధమాడినట్టే. గోడకేసి చూస్తే మాత్రం, ఇక అతన్ని ఏమీ అడగకు.

ఇట్లు,
నీ ఇంటి దీపం మీద ఊదిన
అన్నయ్య