మైకు లేని కచేరీ

29 అక్టోబరు 2023, ఆదివారం

చర్చి నుంచి వచ్చి బియ్యం కడిగేలోపే అనూహ్య వచ్చేసింది. ఆదివారం ప్రాక్టీసు. ఆరేళ్లుగా ఇంతే. మా ఆయన దశరథ్ కీబోర్డు ముందు, ఆమె కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, నేను వంటింట్లో.

ఈసారి పెద్ద ప్రోగ్రామ్. నవంబరు 18న, వాళ్లిద్దరూ పనిచేసే మిషన్ స్కూల్ హాల్లో. తెల్లవాళ్లు వదిలివెళ్లిన పాత పియానో ఒకటి అక్కడ ఉంది. ఒక గొంతు, ఒక పియానో, అంతే. మైకు ఉండదు. నల్గొండలో ఎవరికి చెప్పినా మైకు పాడైందా అని అడుగుతున్నారు. మా లేబర్ వార్డులో శ్యామలమ్మ సిస్టర్ అయితే "మా మరిదిది టెంట్‌హౌసే గద గ్లోరీ, తక్కువ కిరాయికి ఇప్పిస్త" అంది. దశరథ్‌కి చెబితే నవ్వలేదు.

పాటలన్నీ అతను కట్టినవే. పాడేది ఆమె.

వాళ్ల మధ్య ఏమీ లేదు. ఇది రాసుకోవాలి. నేను చూశాను, వెతికాను, సిగ్గు విడిచి అతని ఫోన్ కూడా చూశాను. ఏమీ లేదు. ఆమె సార్ అంటుంది. అతను మీరు అంటాడు. ఏమైనా ఉంటే బాగుండేది. జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేదాన్ని.

కోడికూర బాగా కుదిరింది. అనూహ్య రెండుసార్లు వేయించుకుంది. మా ఇంట్లో తింటానని మక్తల్‌లో వాళ్లింట్లో మాత్రం చెప్పదు. చెప్పొద్దని నన్ను అడగలేదు. నేనే అర్థం చేసుకోవాలి. చేసుకున్నాను.

1 నవంబరు

డ్యూటీ నుంచి వచ్చేసరికి దశరథ్ "తిన్నవా" అన్నాడు. లేదన్నాను. "మంచిది" అన్నాడు. కుడిచెయ్యి బల్ల మీద ఏదో వాయించుకుంటోంది.

5 నవంబరు, ఆదివారం

అత్తమ్మ తిరుమలగిరి నుంచి వచ్చింది. ప్రాక్టీసు కాసేపు చూసి, వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"గా పిల్ల రోజూ వస్తదా?"

ఆదివారాలే అన్నాను.

"నువ్వేమనవా?"

"ఏమనాలె అత్తమ్మా? పాట పాడుతున్నరు."

అవతల పాట ఆగింది, మళ్లీ మొదలైంది. అత్తమ్మ వింటూ నిలబడింది. "పాటనే గని బిడ్డా, మొగడు పెండ్లాలు గూడ గట్ల మొఖాలు జూసుకోరు" అంది. తర్వాత ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చుంది.

పెళ్లయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. దాని గురించి అత్తమ్మ ఎన్నడూ నన్నొక్క మాట అనలేదు. ఆ మాట అన్నా ఇంత నొప్పి ఉండేది కాదేమో.

11 నవంబరు, శనివారం

మధ్యాహ్నం అనూహ్య దవాఖానకు వచ్చింది. ఎవరికైనా బాగాలేదేమోనని పరుగెత్తాను. వార్డు బయట, చెప్పులు విడిచే చోట నిలబడి ఉంది.

"నేను హైదరాబాద్ పోతున్న అక్కా" అంది.

అక్కడ ఒక బ్యాండ్ వాళ్లు తీసుకున్నారట. సొంత స్టూడియో ఉందట. డిసెంబరులో చేరాలట. సార్‌కి తెలుసా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. సార్ కూడా వస్తాడా అని అడిగాను. తెలిసే అడిగాను.

"గొంతు చాలన్నరు అక్కా. వాయించేటోళ్లు వాళ్లకున్నరట."

"ఎప్పుడు ఒప్పుకున్నవు?"

"దసర ముందట."

అంటే ఒప్పుకుని వచ్చి కూడా మా ఇంట్లో కుర్చీలో కూర్చుని పాడింది. కూర వేయించుకుంది.

"కచేరీ అయినంక నువ్వే చెప్పక్కా. ఇప్పుడు చెప్తే సార్ వాయించలేడు. నాకు ఆయన మొఖం చూసి చెప్పే ధైర్యం లేదు. నువ్వైతే మంచిగ చెప్తవు. దవాఖానల గిసొంటియి చెప్తనే ఉంటవు గద."

నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. లోపల ఎవరో నొప్పులకు అరుస్తున్నారు. సరేలే అన్నాను.

నిజం రాయాలి. నాకు సంతోషమేసింది. డ్యూటీ దిగి ఇంటిదాకా ఆటో ఎక్కకుండా నడిచాను. దారిలో జామకాయలు కొనుక్కుని తింటూ వచ్చాను, చిన్నపిల్లలా.

12 నవంబరు, దీపావళి

చెప్పలేదు.

15 నవంబరు

పియానో ట్యూనింగ్ అయింది. చూద్దువుగాని రమ్మని దశరథ్ స్కూల్‌కి తీసుకెళ్లాడు. హాల్లో ఎవరూ లేరు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటిలో ఒకటి దించి నాకు వేశాడు.

"కొత్త పాట కట్టిన. అనూహ్య గారికి ఇంక వినిపియ్యలే. ముందు నువ్వు విను" అన్నాడు.

తొమ్మిదేళ్లలో మొదటిసారి. నా కోసం, ఎదురుగా కూర్చోబెట్టి. పాట పొద్దున్నే పనికి పోయే ఆడవాళ్ల గురించి. మధ్యలో డ్యూటీకి పోయే ఒకామె కూడా ఉంది, చేతిలో టిఫిన్ డబ్బాతో. అది నేనేనా అని అడగడానికి సిగ్గేసింది. అతను పాడగలిగినంత పాడాడు. అతని గొంతు బాగుండదు. నాకు బాగుంది.

ఇప్పుడే చెప్పేద్దాం అనుకున్నాను. ప్రోగ్రామ్ ఎట్లా పోతే పోనీ, ఈ మనిషిని అట్లా మోసం చెయ్యొద్దు అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

అంతలో అతనే అన్నాడు. "నా గొంతుల ఏముంది గ్లోరీ. గామె పాడితే అప్పుడు చూడు. జనవరిల మహబూబ్‌నగర్‌ల పెడుతున్నం, గీ పాటతోటే మొదలు."

నోరు మూసుకున్నాను. ఇంటికి వచ్చేదాకా మహబూబ్‌నగర్ గురించే చెప్పాడు. ఊఁ కొట్టాను.

19 నవంబరు, ఆదివారం, పొద్దున

దశరథ్ ఇంకా లేవలేదు. చర్చికి ముందే నిన్నటిది రాసేయాలి.

హాలు నిండింది. టీచర్లు, చర్చి వాళ్లు, పిల్లల తల్లిదండ్రులు. అనూహ్య వాళ్ల నాన్న మల్లయ్య గారు మక్తల్ నుంచి వచ్చారు. అనూహ్య నన్ను చూపించి "సార్ వాళ్ల మేడం" అంది. అక్క అనలేదు. ఆయన దండం పెట్టి "సార్ గురించి శాన చెప్తది మా బిడ్డ. మీరేం చేస్తరమ్మా?" అని అడిగారు. ఆరేళ్లు. నేనేం చేస్తానో కూడా ఆ ఇంట్లో తెలియదు.

ముందు వరుసలో కూర్చోబెట్టారు. చప్పుడవుతుందని ఫ్యాన్లు బంద్ చేశారు. వీపు మీద చెమట కారుతోంది. పాట ఆమె గొంతులోంచి నేరుగా వస్తుంటే, మధ్యలో వైరూ డబ్బా ఏమీ లేకుండా, ఎవరో మన పక్కనే కూర్చుని చెవిలో చెబుతున్నట్టు ఉంది. చివరి వరుసలో పిల్లలు కూడా కదలలేదు. నేను మాత్రం లోపల లోపల నవ్వుకుంటున్నాను. ఇదే ఆఖరిది, పాడుకో, అనుకుంటున్నాను.

నాలుగో పాట మధ్యలో రోడ్డు మీద ఎలక్షన్ ఆటో వచ్చింది. డీజే పాట, పార్టీ పేరు, కిటికీ అద్దాలు అదిరాయి. ఆమె ఆపేసింది. అతనూ ఆపేశాడు. జనం గొణుక్కున్నారు, ఎవరో బయటికి పరుగెత్తారు. ఆటో గేటు ముందే చాలాసేపు ఆగింది. వాళ్లిద్దరూ కదల్లేదు. ఆమె ఎదురుగా గోడ చూస్తోంది. అతను చేతుల వైపు చూస్తున్నాడు. ఒకళ్లనొకళ్లు చూసుకోలేదు. ఆటో పోయింది. చప్పుడు పూర్తిగా పోయేదాకా ఉండి, ఆగిన మాట సగం దగ్గరే ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు. సైగ లేదు. నేను కళ్లార్పకుండా చూశాను. లేదు.

చప్పట్లు ఆగలేదు. నా సంతోషం అక్కడ అయిపోయింది. ఈ ఆరేళ్లలో నేను వెతికింది అదే అని, ఫోన్‌లో దొరికేది కాదని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత అనూహ్య ఇంకా బాగా పాడింది. ఆఖరిదని ఆమెకు తెలుసు కదా. నాకు తెలుసు. వాయించేవాడికే తెలియదు. ఆమె ఎందుకంత పాడుతోందో తెలియక మురిసిపోతూ ఇంకా వాయించాడు. చివరికి జనం లేచి నిలబడ్డారు. అతను దండం పెడుతూ వరుసలో నన్ను వెతుక్కుని నవ్వాడు.

నేనూ నవ్వాను. చప్పట్లు కొట్టాను.

అదే రోజు, సాయంత్రం

చెప్పాను.

దవాఖానలో చెప్పినట్టే చెప్పాను. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చిన్న చిన్న మాటల్లో. అంతా విన్నాడు. ఎక్కడికి అని అడగలేదు. ఎందుకని అడగలేదు.

"నీకెప్పుడు తెల్సు?"

"దీపావళికి ఒకరోజు ముందట."

లెక్కపెట్టుకుంటున్నట్టు నేల చూశాడు. "నేను కొత్త పాట వినిపిచ్చిననాడు తెల్సు నీకు."

"తెల్సు."

"నిన్న ముంగట్నే కూసున్నవు. అన్ని తెల్సి నా మొఖం జూసుకుంట కూసున్నవు."

"ఆమెనే చెప్పొద్దన్నది."

"ఆమెకు భయం. ఆమె అంటది. నీకేమైంది గ్లోరీ?"

నా దగ్గర జవాబు ఉంది. చెప్పకుండా నాలోనే పెట్టుకున్నాను.

అప్పుడు ఆమెకు ఫోన్ చేశాడు, నా ఎదురుగానే. తిడతాడనుకున్నాను. "మంచి పని చేసిన్రు. మీ గొంతుకు నల్గొండ సరిపోదు. ఏడ్వకుండ్రి, జర నీళ్లు తాగుండ్రి" అన్నాడు. ఆమె ఏడుపు ఆగేదాకా మాట్లాడాడు. తర్వాత నా మొహం చూడకుండా ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"థాంక్స్ అక్కా, శాన మంచిగ చెప్పినవు" అంది.

వెళ్లిపోయేది ఆమె. తప్పు నాది.

3 డిసెంబరు

ఎలక్షన్ ఫలితాలు. వీధి అంతా పటాకులు. మా ఇంట్లో ఇవాళ "ఉప్పు" అన్న మాట ఒక్కటే వినిపించింది. ఇచ్చాను.

10 డిసెంబరు, ఆదివారం

ప్రాక్టీసు లేదు. అయినా బియ్యం ముగ్గురికి పోశాను.

24 డిసెంబరు

చర్చిలో క్యారల్స్‌కి దశరథ్ కీబోర్డు వాయించాడు. ఒక్క తప్పు లేదు. పాస్టర్ గారు మెచ్చుకున్నారు. అతను నవ్వితే అందరూ నిజంగానే నవ్వాడనుకున్నారు.

ఇంటికి వచ్చాక ధైర్యం చేసి అడిగాను. ఆ పాట, టిఫిన్ డబ్బా ఆమె ఉన్న పాట, ఇంకొక్కసారి వాయించమని.

"గది నా దగ్గర లేదు" అన్నాడు. "అనూహ్య గారికి పంపిన. బ్యాండుతోటి పాడుతరట."

పాట పంపితే నీ దగ్గర లేకుండా ఎట్లా పోతుందని అడిగాను. బూట్లు విప్పి మూలన పెట్టాడు.

మీరు, గారు. ఆమెకు ఇంకా అదే మర్యాద. నాకు కూడా ఈమధ్య అట్లాంటి మర్యాదే చేస్తున్నాడు. పళ్లెం నేను తియ్యకముందే తీసేస్తాడు. నా బట్టలు కూడా ఇస్త్రీకి వేసి వస్తాడు. అరిచినా బాగుండు.

30 జనవరి 2024

కొరియర్ వచ్చింది. అనూహ్య బ్యాండ్ మొదటి షో, హైదరాబాద్‌లో, శనివారం. రెండు పాసులు. "అక్కా, తప్పకుండా రావాలి" అని వెనక రాసింది. ఇప్పుడు మళ్లీ అక్కనట.

దశరథ్ రెండు పాసులూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. "వస్తవా?" అన్నాడు.

నవంబరు తర్వాత నన్ను అడిగిన మొదటి ప్రశ్న. రానని నేరుగా అనలేకపోయాను. శనివారం నాకు డ్యూటీ అన్నాను. ఎవరితోనైనా మార్చుకొమ్మని అనలేదు. ఒక పాసు తీసి జేబులో పెట్టుకున్నాడు.

3 ఫిబ్రవరి, శనివారం

నాకు డ్యూటీ లేదు.

దశరథ్ పన్నెండింటి బస్సుకు వెళ్లాడు. నార్కట్‌పల్లి దాటాక ఫోన్ చేశాడు, సీటు దొరికిందని.

సాయంత్రం అత్తమ్మ ఫోన్ చేసింది. "ఇద్దరు మంచిగున్నరా బిడ్డా?" అని అడిగింది.

ఇద్దరూ బాగున్నారని చెప్పాను.