బూజు వంశం తేలేదాకా అంట్లు కాల్చవద్దని మనవి

మొక్కల తెగుళ్ల నివారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అక్క నిమ్మ అంట్లకు తమరు విధించిన దహనశిక్ష నిలుపుదల గురించి.

1. మా అక్క నిమ్మ అంట్లు కట్టి అమ్ముకొని బతుకుచున్నది. నాకు తెగుళ్ల శాస్త్రం చదువు చెప్పించినవీ ఆ అంట్లే. ఆకులపై మచ్చలు కనబడగా తమ సిబ్బంది ఒక ఆకు కోసుకుపోయి, అందులోని శిలీంధ్రాన్ని, అనగా బూజును, పెంచి చూసి, నల్లమచ్చ తెగులు బూజేనని తేల్చి, అంట్లన్నీ సోమవారం కాల్చవలెనని ఉత్తరువిచ్చినారు.

2. సదరు బూజుకు ఒక దగ్గరి చుట్టమున్నది. మైక్రోస్కోపులో రెండూ ఒకే పోలిక. ఈ చుట్టం ఆకులో అద్దెకుంటుంది, అంతే. ఎవరి జోలికీ పోదు. తమ ల్యాబులో చూసిన జన్యువు రెండింటిలోనూ దాదాపు ఒకటే. ఇంటిపేరు కలిసిందని మనిషిని జైల్లో వేసినట్టున్నది. ఏ బూజు దేనితో జతకట్టగలదో నిర్ణయించే జన్యువులు మాత్రం చుట్టాల మధ్య కూడా బాగా తేడాగా ఉంటాయి. అవి చదివితే ఎవరెవరో తేలిపోవును.

3. ఇదే విన్నవించగా తమరు సెలవిచ్చినది: "ఏంటయ్యా, బూజులకి పెళ్లిచూపులు కూడా నేనే జరిపించాలా? ఆడవాళ్లు పనిచేసే ల్యాబది!" తమ సిగ్గు గౌరవనీయమే. దాని ఖర్చు మాత్రం మా అక్క భరించవలసి వచ్చినది.

4. అక్క అంట్ల మధ్య తిరుగుతూ, "ఒరేయ్, అంత చదివావు కదా, వాళ్లకి అర్థమయ్యేలా చెప్పలేవట్రా?" అని అడుగుచున్నది. ఈ ప్రశ్న సిలబస్‌లో లేదు. "బూజుకి నోరుంటే అదే చెప్పుకునేదే అక్కా" అన్నాను. నవ్వలేదు. అయ్యా, నా జోకుకు ఆమె నవ్వకపోవడం ఇదే మొదలు.

కావున ఆ జన్యువుల పరీక్ష జరిగేదాకా అగ్గిపెట్టె జేబులోనే ఉంచవలసినదిగా ప్రార్థన. నిజంగా నల్లమచ్చ బూజే అని తేలితే నిప్పు నేనే పెడతాను. ఈ ఒక్క మాట చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అంట్లక్క తమ్ముడు

తా.క.: ఇది పట్టుకొని తమ గది బయట బెంచీ మీద కూర్చుని ఉండగా అక్క ఫోన్ చేసింది. "వచ్చేయ్‌రా. ఇంక అక్కడేం పని లేదు." సోమవారం తమ సిబ్బందికి మీటింగుందట. అందుకని ఇవాళే కాల్చేశారు.

లేచేలోగా తమ గుమస్తా బయటికొచ్చాడు. "నీ టెస్టుకి సారు సంతకం పెట్టేశారయ్యా! పాత బూజు పారేశాం. మచ్చలున్న పచ్చాకు ఒకటి పట్టుకురా, చాలు."

వెళ్లాను. దొరికింది తెచ్చాను.

జత: బూడిద, ఒక పొట్లం. ఇందులో ఏ జన్యువూ ఉండదు. తమరు సిగ్గుపడనక్కరలేదు.